చేసిపెట్టడమే సేవా?

మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఏ దేవుడికి దండం పెట్టుకున్నా చివర్లో ఒక కోరిక కలుపుతారు, గమనించారా? "కాలూ చెయ్యీ ఆడుతుండగానే వెళ్లిపోవాలి స్వామీ, ఒకరి చేత చేయించుకునే రాత రాయకు" అని. మా అత్తయ్యగారూ అంతే. డెబ్భై నాలుగేళ్లు ఆవిడకి. నేను లేచేసరికి తన పక్క తనే ఎత్తేసి, కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, తులసికోట ముందు ముగ్గు కూడా పెట్టేసి ఉండేవారు.

పోయినేడు సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు తెల్లవారుజామున బాత్రూంలో ఆవిడ కాలు జారింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. మాది తెనాలి. గుంటూరు తీసుకెళ్తే, తొడ ఎముక పైన ఉండే గుండు తీసేసి దాని స్థానంలో లోహపు గుండు పెట్టారు. ఆపరేషన్ అయిన మర్నాడే ఫిజియోథెరపీ వాళ్లు వచ్చి, వాకర్ చేతికిచ్చి, మంచం పక్కన నిలబెట్టి నాలుగడుగులు వేయించారు. నేను నోరు తెరుచుకుని చూశాను. వారంలో ఇంటికి పంపేస్తూ "రోజూ నడిపించండి, ఈ వ్యాయామాలు చేయించండి" అని ఒక కాగితం చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చాక మొదలైంది మా ప్రేమ.

ఆవిడ "అమ్మా" అంటే చాలు, ఇంట్లో అందరం పరిగెత్తేవాళ్లం. లేవబోతే "మీరు లేవకండి అత్తయ్యగారూ, నేనున్నాగా" అనేదాన్ని. మంచినీళ్లు నోటి దగ్గర పెట్టాను. అన్నం కలిపి ముద్దలు పెట్టాను. విరిగింది తుంటి, చేతులు బాగానే ఉన్నాయి, అయినా పెట్టాను. బెడ్‌పాన్ పెట్టాను, ఒళ్లు తుడిచాను, తల దువ్వి జడ వేశాను. జన్మలో నైటీ ముట్టుకోని మనిషికి నైటీ తొడిగాను. ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితం మాత్రం ఫ్రిజ్ తలుపు మీద అలాగే ఉంది. నడవండి అంటే ఆవిడ నొప్పి అన్నారు. నొప్పి అంటే మేము వద్దులెండి అన్నాం. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "కూతురైనా ఇంత చెయ్యదు" అన్నారు. అబద్ధమెందుకు, ఆ మాట చెవిన పడినప్పుడల్లా నా నడుం నొప్పి సగం తగ్గేది.

మరి ఫిజియోథెరపీ పెట్టించలేదా అంటే, పెట్టించాం. ఎవరో చెబితే ఒకాయన ఇంటికి వచ్చేవాడు. చిన్న పెట్టె లాంటి మిషను తెచ్చి, తొడ మీద నాలుగు ప్యాడ్లు అంటించి, కరెంటు పెట్టి, ఇరవై నిమిషాలు ఫోను చూసుకుని, డబ్బులు తీసుకుని వెళ్లేవాడు. అత్తయ్యగారికి ఆ కాసేపు హాయిగా ఉండేది. వైద్యం జరుగుతోంది కదా అని మాకూ హాయిగానే ఉండేది.

మూడు వారాలయ్యేసరికి ఆవిడ కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. నడుం కింద చర్మం ఎర్రగా కందింది. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఆవిడ మాట్లాడ్డం మానెయ్యడం. టీవీలో ప్రవచనం పెడితే వద్దన్నారు. ఇరుగుపొరుగు వస్తే గోడవైపు తిరిగి పడుకునేవారు. ఒక మధ్యాహ్నం నేను బెడ్‌పాన్ తీస్తుంటే, నా మొహం చూడకుండా, "నన్ను త్వరగా తీసుకుపొమ్మని నువ్వయినా దేవుడికి చెప్పమ్మా" అన్నారు.

నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో అమ్మమ్మ పెరట్లో పడింది. అప్పట్లో మా ఊళ్లో ఆపరేషన్ మాట ఎవరూ ఎత్తలేదు. కట్టు కట్టించి, కదలకూడదన్నారు. మా అమ్మ ఎనిమిది నెలలు ఆవిణ్ణి కదలనివ్వకుండా చూసుకుంది. "పువ్వుల్లో పెట్టి చూసుకుంది" అని ఊరంతా అమ్మని మెచ్చుకుంది. అమ్మమ్మ మళ్లీ మంచం దిగలేదు. నడుముకి పుళ్లు పడ్డాయి. తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. పోయింది. ఎముక విరిగినందుకు పోలేదు ఆవిడ, పడుకుని పడుకుని పోయింది. ఈ సంగతి అమ్మతో ఇప్పటిదాకా అనలేదు, అనను కూడా. తనకి తెలిసిన ప్రేమంతా పోసిన మనిషితో ఆ మాట ఎలా అంటాం?

అమ్మకి తెలియదు. కానీ నాకు ఫ్రిజ్ మీద కాగితం ఉంది. ఆ తేడా ఆ మధ్యాహ్నం నన్ను నిలువునా కోసింది.

అందుకే ఇది రాస్తున్నాను. మంచాన పడ్డ మనిషికి అన్నీ చేసిపెట్టడాన్ని మనం సేవ అంటున్నాం. ఆ మనిషి లేచి తన పని తను చేసుకునేదాకా ఓపిగ్గా పక్కన నిలబడ్డమే అసలు సేవ అని నేనంటాను. మొదటిదానికి నలుగురిలో మంచి పేరొస్తుంది. రెండోదానికి మాటలు పడాల్సి వస్తుంది. అయినా రెండోదే చెయ్యాలి.

తర్వాతి చెకప్‌కి వెళ్తే డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, అత్తయ్యగారి కాళ్లు చూసి, మా ఇద్దరి వంకా చూశారు. "ఎముక బావుంది, కుట్లు బావున్నాయి. మరి మనిషి ఎందుకు నడవట్లేదు?" అన్నారు. మావారు నా వైపు చూశారు, నేను నేలవైపు చూశాను. పడుకుంటే కండ ఎంత త్వరగా కరిగిపోతుందో అప్పుడే చెప్పారాయన. తర్వాత నేను కూడా వెతికి చదివాను. 2007లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. అరవై దాటిన ఆరోగ్యవంతుల్ని పది రోజులు మంచం మీదే ఉంచితే, ఒక్క కాళ్లలోంచే దాదాపు కిలో కండ పోయింది. వాళ్లకి జబ్బు లేదు, విరిగిన ఎముకా లేదు. పది రోజులకే అలా అయితే, మేము ఉంచింది మూడు వారాలు!

ఆ వారమే ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చింది. ఫిజియోథెరపీలో డిగ్రీ చేసి, రెండేళ్లు ఆస్పత్రిలో పనిచేసి, ఇప్పుడు ఇళ్లకి వెళ్లి చేస్తోందట. మిషను తేలేదు. కొలిచే టేపు, ఒక నోటు పుస్తకం తెచ్చింది. వస్తూనే పేషెంటుని ముట్టుకోలేదు, ఇల్లంతా తిరిగింది. మంచం ఎత్తు కొలిచింది. గడప ఎత్తు చూసింది. బాత్రూంలోకి వెళ్లి కమోడు మీద కూర్చుని లేచి, పట్టుకోవడానికేమీ లేదేంటి ఆంటీ అంది. అప్పుడొచ్చి అత్తయ్యగారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మామ్మగారూ, మీకు అన్నిటికంటే ముందు ఏం చెయ్యాలనుంది?"

గుడికెళ్లాలంటారనుకున్నాను. లేదా తులసికోట దగ్గర దీపం పెట్టుకోవాలంటారేమో అనుకున్నాను. ఆవిడ నైటీ అంచు కాసేపు నలిపి, మెల్లిగా, "బాత్రూంకి ఒక్కదాన్నే వెళ్లాలమ్మా. తలుపు వేసుకుని" అన్నారు.

నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. మూడు వారాలుగా రాత్రీ పగలూ చేస్తున్నాను. ఆవిడకి ఏం కావాలని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ అమ్మాయి లేచి మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా అడుగులు లెక్కపెట్టింది. "ఇరవై రెండు అడుగులు, ఒక గడప, ఒక కమోడు. ఇదే మన సిలబస్ మామ్మగారూ" అంది. ఎన్నో రోజుల తర్వాత ఆవిడ నవ్వారు.

ఇంటికొచ్చి చేసే థెరపీ గొప్పతనం ఇక్కడే ఉందనిపించింది నాకు. ఆస్పత్రిలో నున్నటి వెడల్పాటి వరండాలో నడిచారు ఆవిడ. మా ఇంట్లో నాలుగంగుళాల గడప ఉంది, డోర్‌మ్యాట్ ఉంది, తడి బాత్రూం ఉంది. మనిషి బతకాల్సింది ఈ ఇంట్లో కదా, కాబట్టి నడక నేర్వాల్సిందీ ఇక్కడే. మొదటి రోజే డోర్‌మ్యాట్లన్నీ ఎత్తించేసింది. బాత్రూం గోడకి రెండు స్టీలు కడ్డీలు, కమోడు మీద ఎత్తు సీటు పెట్టించింది. మంచం కాళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టించింది, తుంటి మరీ మడవకుండా లేవడానికి.

తర్వాత పాఠాలు. పడుకునే పాదాలు పైకీ కిందికీ ఆడించడం, ఇది రక్తం గడ్డకట్టకుండా. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, ఐదు లెక్కపెట్టేదాకా నొక్కిపట్టడం. మడమని పరుపు మీద జరుపుతూ మోకాలు కొంచెం కొంచెం మడవడం. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. కొన్నాళ్లకి వంటింటి గట్టు పట్టుకుని నిలబడి కాలు పక్కకి ఎత్తడం. చెయ్యకూడనివీ చెప్పింది. కాలు మీద కాలు వేసుకోకూడదు, పీట మీదా నేల మీదా కూర్చోకూడదు, కింద పడిన వస్తువు వంగి తియ్యకూడదు, పడుకున్నప్పుడు కాళ్ల మధ్య దిండు ఉండాలి.

నడకకి ఒక వరస ఉంది. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. అత్తయ్యగారికి మొదట్లో తికమకగా ఉండేది. రెండు రోజులకి ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టారు. ఆపరేషన్ కాలికి 'కోడలు' అని పేరు పెట్టారు, కొత్తగా వచ్చింది కదా అని. మంచి కాలు 'కూతురు'. "ముందు బండి, తర్వాత కోడలు, తర్వాత కూతురు" అనుకుంటూ అడుగు వేసేవారు. "బరువంతా కూతురి మీదే వేస్తున్నారు మామ్మగారూ, కోడల్ని కూడా కాస్త నమ్మండి" అనేది ఆ పిల్ల. పక్కనున్న అసలు కోడలికి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఆ అమ్మాయి ఉండేది ముప్పావు గంట. మిగతా ఇరవై మూడు గంటల పైచిలుకు మాదే. అందుకని ఆవిడకి ఎంత నేర్పిందో మాకూ అంత నేర్పింది. చెయ్యి పట్టి గుంజకూడదు, భుజం జారుతుంది. నడుం చుట్టూ గట్టి తువ్వాలు కట్టి, పక్కన కొంచెం వెనగ్గా నిలబడి దాన్ని పట్టుకోవాలి. "మీరు ఎత్తకండి ఆంటీ, ఆవిణ్ణే లేవనివ్వండి. మీ నడుం కూడా పోతే ఈ ఇంట్లో నాకు ఇద్దరు పేషెంట్లవుతారు" అంది. అప్పటికే నా నడుం పోయిందని దానికెలా తెలుస్తుంది!

అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇంకొకటి. "ఆవిడ లేవడానికి అవస్థ పడుతుంటే మీకు చెయ్యి వెయ్యాలనిపిస్తుంది. పడిపోతారనిపిస్తే వెంటనే పట్టుకోండి. ఊరికే అవస్థే అయితే మాత్రం మనసులో పది లెక్కపెట్టండి. పదికీ లేవకపోతే అప్పుడు సాయం చెయ్యండి" అంది. వినడానికి ఎంత తేలిక! ఎదురుగా పెద్దావిడ వణుకుతూ, పళ్లు బిగపట్టి, కుర్చీ చేతుల మీద బరువు వేసి లేస్తుంటే పది లెక్కపెట్టి చూడండి. నేను చేతులు వెనక్కి కట్టేసుకునేదాన్ని. ఏడు, ఎనిమిది దగ్గర నా కళ్లల్లో నీళ్లు తిరిగేవి. చాలాసార్లు తొమ్మిదికి ఆవిడ లేచి నిలబడేవారు.

సరిగ్గా అలాంటి ఒక తొమ్మిది దగ్గర మా పిన్నత్తగారు గుమ్మంలో అడుగుపెట్టారు. ఆవిడకి కనబడిందేమిటంటే, అక్కగారు చెమటలు కారుతూ గడప దాటుతున్నారు, కోడలు చేతులు కట్టుకుని చూస్తోంది. ఆ సాయంత్రానికి హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు ఫోను. "ఏం వదినా, అమ్మకి కాస్త చెయ్యి కూడా అందించట్లేదటగా?" అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడు వారాలు ముద్దలు పెట్టి ఆవిణ్ణి పడుకోబెడితే నేను దేవతని. లేపి నిలబెడితే గయ్యాళిని. చిత్రమేమిటంటే, మర్నాడు మావారు అదే గడప దగ్గర అలాగే నిలబడితే, చూసినవాళ్లు "కొడుకంటే అలా ఉండాలి, దగ్గరుండి నడిపిస్తున్నాడు" అన్నారు. అదే గడప, అదే నిలబడ్డం!

మనకి ఉన్న చిక్కు ఇదే. కోడలి మంచితనాన్ని ఎంత చేసిపెట్టిందన్న దాన్నిబట్టే కొలుస్తారు. కొలతకి భయపడి మనం ఇంకా ఇంకా చేసిపెడతాం. ఆ భయానికి బలయ్యేది మంచం మీదున్న మనిషి. నేను రెండో రోజే మావారితో చెప్పేశాను, సాయంత్రం వ్యాయామాలు మీవి, పొద్దుటివి నావి అని. తల్లి కాలు కొడుకు పట్టుకుని లెక్కపెడితే ఆవిడకి మొదట సిగ్గేసింది. తర్వాత ఆయన ఆఫీసు నుంచి రావడం ఆలస్యమైతే వాచీ చూసుకునేవారు.

ఆడపడుచుకి జవాబు నేను చెప్పలేదు. అత్తయ్యగారే ఫోను తీసుకుని, "నా పని నన్ను చేసుకోనిస్తోందే అది. నువ్వొస్తే మళ్లీ మంచంలో పడేసి ముద్దలు పెడతావు. పెట్టేదానివైతే రాకు" అన్నారు. పాపం తను వచ్చింది. రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. మూడో రోజు చూస్తే, వాళ్లమ్మ ఎదురుగా చేతులు కట్టుకుని పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది.

అలాగని నొప్పితో విలవిల్లాడే మనిషిని లాక్కెళ్లమనడం లేదు. దానికీ ఒక లెక్క చెప్పింది ఆ అమ్మాయి. వ్యాయామం చేశాక కాసేపు నొప్పి ఉండి, గంటా రెండు గంటల్లో సర్దుకుంటే పరవాలేదు. మర్నాటిదాకా ఉండిపోతే ఎక్కువ చేయించామని అర్థం, తగ్గించాలి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, జ్వరం తగిలినా, కుట్ల దగ్గర చీము పట్టినా, హఠాత్తుగా కాలు పొట్టిగా పక్కకి తిరిగినట్టు కనబడినా వ్యాయామం ఆపి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. ఇంకో సంగతి, ఇవి మా అత్తయ్యగారికి చెప్పిన వ్యాయామాలు. మోకాలి ఆపరేషన్‌కి వేరు, పక్షవాతానికి వేరు. ఇక్కడ చదివి మీ ఇంట్లో మొదలుపెట్టకండి, మీ వాళ్లని చూసినవాళ్లే చెప్పాలి.

ఇంటికి ఎవరిని పిలవాలి అని అడుగుతారని తెలుసు. నా అనుభవం చెబుతాను. బి.పి.టి. చదివారా అని మొహమాటం లేకుండా అడగండి. మొదటి రోజు మనిషిని, ఇంటిని పరీక్షగా చూస్తారా, ఊరికే మిషను పెట్టేస్తారా గమనించండి. మిషను తప్పని నేననను, నొప్పి తగ్గడానికి కొంత సాయపడుతుంది. కానీ మిషను నడిపించదు, నడవడమే నడిపిస్తుంది. ఇంట్లోవాళ్లకి నేర్పుతున్నారా చూడండి. ఎన్నాళ్లు రావాల్సి ఉంటుందో మొదట్లోనే అడగండి. మంచి ఫిజియో తన అవసరం లేకుండా చెయ్యడానికే వస్తుంది. మా అమ్మాయి మొదట రోజూ వచ్చింది, తర్వాత రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకసారి, ఆ తర్వాత "ఇంక నాతో పని లేదు మామ్మగారూ" అని కాఫీ తాగి వెళ్లిపోయింది.

మా ఇంట్లో విజిట్‌కి ఐదు వందలు ఇచ్చాం. ఆపరేషన్‌కి లక్షలు కట్టినప్పుడు మారుమాట్లాడని మావారు ఈ ఐదు వందల దగ్గర "ఇన్ని రోజులు కావాలా?" అన్నారు. చాలా ఇళ్లల్లో ఇదే జరుగుతుంది. కాలు కొని, నడక దగ్గర బేరమాడతాం. నిజంగా ఇబ్బందిగా ఉన్నవాళ్లు నాలుగైదు విజిట్లు పెట్టించుకుని, అన్నీ కాగితం మీద రాయించుకుని, రోజూ ఇంట్లోవాళ్లే చేయించొచ్చు. జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఫిజియోథెరపీ విభాగాలుంటాయి, అక్కడా అడగండి. బొత్తిగా మానెయ్యడం మాత్రం వద్దు.

ఒక్క మాట మన గురించి కూడా. నెలసరి ఆగాక ఆడవాళ్లకి ఎముకలు త్వరగా పలచబడతాయి. తుంటి విరిగేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ ఉండడానికి అదొక కారణం. కాబట్టి బాత్రూం కడ్డీలు పెద్దవాళ్లు పడ్డాక కాదు, ఈ ఆదివారమే బిగించండి. అత్తయ్యగారి పక్కన వంటింటి గట్టు పట్టుకుని నేనూ కాళ్లెత్తడం మొదలుపెట్టాను. ఇప్పటికీ మానలేదు.

ఉగాది రోజు పొద్దున్నే అత్తయ్యగారు లేచారు. నైటీ వద్దని చీర కట్టించుకున్నారు. బండి, కోడలు, కూతురు అనుకుంటూ బయల్దేరారు. వెనకాలే నేను. ఇరవై రెండు అడుగులు, గడప. బాత్రూం గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగి, "నువ్వెక్కడికి?" అన్నారు. తలుపు దగ్గరగా వేసుకున్నారు. గడియ మాత్రం పెట్టకూడదని ఒప్పందం.

నేను బయట నిలబడి లెక్కపెట్టాను. పది దాటింది, యాభై దాటింది. లోపల కుళాయి చప్పుడు, తర్వాత ఆవిడ గొంతు సవరించుకోవడం వినబడ్డాయి.

"ఇంకా అక్కడే ఉన్నావా? పొయ్యి మీద పాలు పెట్టావుగా, వెళ్లి చూసుకో" అన్నారు.

వెళ్లేసరికి నిజంగానే పొంగిపోయి ఉన్నాయి.